వంతు

ఆయ్, లస్కరునండి.
లొల్ల లాకుల దగ్గర ముప్ఫయ్యొక్క ఏళ్ళు
తలుపులెత్తి, దించి, రిటైరయ్యాను.
చేతిలోది చందా పుస్తకమే గానీ
గుడికీ కాదు, జాతరకీ కాదు.
కూర్చోమంటే చెప్తాను.

మా చెల్లెలు మాణిక్యాలుని కాట్రేనికోన ఇచ్చాం.
శివారు ఊరు.
నేను పైన వదిలిన నీళ్ళు
దాని గట్టు తగిలేసరికి ఐదో రోజు.
ఒక్కో ఏడు అసలు తగలవు.

దానికొచ్చిన జబ్బు పేరు
కాకినాడ డాక్టరమ్మ మందుల చీటీ వెనక రాసిచ్చింది,
నా నోట్లో పట్టలేదు.
పది లక్షల్లో ఒకరికొస్తుందంది.
లాటరీ తగిలిందేమో అన్నట్టు
మా బావ నా మొహంలోకి చూశాడు.

మందేదండీ అన్నాం.
లేదంది.
ఎందుకు లేదంటే, ఎవరూ వెతకలేదంది.
ఎందుకు వెతకలేదో
లస్కరుకి ఒకరు చెప్పక్కర్లేదు.
ఒక్క ఎకరం కోసం
ఎవడు కాలవ తవ్వుతాడు?

ఊడ్పులయ్యాక పోయింది మాణిక్యాలు.
అంతకుముందే అడిగారు,
ఆపరేషన్లో తీసిన ముక్క దాచుకోవచ్చా అని.
"కూరకి పనికిరానిది
ఊరికి పనికొస్తే మంచిదేగా"
అని నవ్వింది, కుట్లు పట్టుకుని.

మొన్న వెళ్ళి చూశాను.
ల్యాబులో దయామణి అనే పిల్ల
బీరువా అంత ఫ్రీజరు తెరిచి
పొగలు కక్కే చలిలోంచి
చిటికెన వేలంత గొట్టం తీసింది.
పదిహేడో నంబరు.
నూకగింజంత మా చెల్లెలు.

అటూ ఇటూ పదహారుమంది.
యానాంలో వలలల్లే మనిషి,
తుని పక్క ఏడేళ్ళ కుర్రాడు,
కొందరికి ఊరు కూడా రాసి లేదు.
ఒక్కొక్కరూ విడిగా ఏమీ చెప్పరంట.
వందమంది చేరితే
ఒక్క మాటన్నా వినపడొచ్చంట.
వినపడుతుందని ఒట్టేం లేదంట.
అది కూడా దాచకుండా చెప్పింది కాబట్టే
ఈ పుస్తకం పట్టుకుని బయల్దేరాను.

విశాఖలో పన్నెండుమంది ఉన్నారంట, గుంటూరులో ఐదుగురు.
ఎవరి రిజిస్టరు వాళ్ళది, ఎవరి లెక్క వాళ్ళది.
ఒకే కాలవ మీద తూములన్నీ
తలో గడియారం పెట్టుకున్నట్టు.
అన్నీ ఒక్కచోట ఎక్కించే మనిషి కావాలి.
ఆ మనిషికి నెల తిరిగేసరికి జీతం కావాలి.

మీరు ఫ్రీజరు కొంటానన్నారు,
తలుపు మీద నాన్నగారి పేరు వేయించమన్నారు.
సంతోషమండి.
ఫ్రీజరుందండి.
లేనిది కరెంటు బిల్లు.
బిల్లు మీద పేరెక్కడ చెక్కుతారు?

లాకులు కట్టించినోరి పేరు రాతి మీదుంది.
ఏటేటా పలకలకి గ్రీజు పూసినోళ్ళ పేర్లు
వాళ్ళ మనవలకే గుర్తు లేవు.
నీళ్ళు మాత్రం
ఆ గ్రీజు మీదే నడిచాయి.

తుపాను రాత్రి కరెంటు పోతే
హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ పేర్రాజు
అడక్కుండా రెండు డబ్బాల డీజిలు పంపాడు.
వాళ్ళింట్లో ఎవరికీ ఆ జబ్బు లేదు.
ఎందుకిచ్చావయ్యా అంటే
"చల్లగా ఉంచడం నా పనేగా" అన్నాడు.
గండి కాపలా కాసినట్టు
జనరేటరు పక్కన తెల్లార్లూ కూర్చున్నాను.
లోపల పదిహేడుమంది.
మావాళ్ళు అనాలనిపించింది.

పై ఆయకట్టు వారు మీరు.
మీకు తెలీందేముంది,
వంతంటే దానం కాదండి.
ఇవాళ మీ తూము ఒక్క పూట దించితే
రేపెప్పుడో మీ ఇంటి మనిషే
శివార్లో నిలబడొచ్చు.
తప్పు మాట అయితే క్షమించాలి.

ఒక్కటే చెప్పి లేస్తాను.
శివారుకి నీళ్ళందాయని
పైకి ఎవరూ కబురు పెట్టరు.
సర్వీసులో ఉండగా ఒకసారి
సైకిలు మీద కాట్రేనికోన పోయి
చీకట్లో గట్టు మీద నిలబడ్డాను.
నీళ్ళు కనపళ్ళేదు.
కప్పలు అరిచాయి.

అంతేనండి.
పెన్ను నా దగ్గరుంది.